కింద పెట్టరాని బెంచీ

ట్రంకు పెట్టె హాలు నడిమధ్యన ఉంది. నిన్న పొద్దున మనస్విని దాన్ని గదిలోంచి ఈడ్చుకొచ్చి అక్కడ పెట్టింది. అప్పటినుంచి దాన్ని కదిపినవాళ్లు లేరు. ప్రహ్లాద్ సోఫా దగ్గరికి వెళ్లాలన్నా పెట్టెను చుట్టే వెళ్తున్నాడు. పద్మ దాని నాలుగు పక్కలా ఊడ్చి ఊరుకుంది.

పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసి ఉంది: మనస్విని, సెయింట్ ఆగథా బాలికల బోర్డింగ్ స్కూలు, నాంపల్లి.

ఆ బడి ఇవాళే తెరుస్తారు. ప్రహ్లాద్ మాత్రం కూతుర్ని అక్కడ మాన్పించి మాదాపూర్‌లో ఇంజనీరింగు కోచింగు ఇచ్చే కాలేజీలో చేరుస్తానని పట్టుబట్టాడు. మొండితనంలో తండ్రికి కూతురు ఏమాత్రం తీసిపోదు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నది పద్మ.

"రెండింటికి కాలేజీకి తీస్కపోను కారొస్తది. తయారుగుండుమను," అన్నాడు ప్రహ్లాద్ ఉప్మా ప్లేటులోకి చూస్తూ.

"అది ఇక్కడే ఉందిగా. మీరే చెప్పండి."

"నేను చెప్తే ఇంటదా?"

మనస్విని కిటికీ పక్కన మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. "విన్నాను నాన్నా. ఒక్కటి అడుగుతా. నాకు లెక్కల్లో మార్కులు మంచిగనే వచ్చినయి కదా. అవి ఏ బడిల చదివితే వచ్చినయి?"

"పదో తరగతి మార్కులు బిడ్డా అవి. ఇప్పట్నించి కథ వేరే ఉంటది. గాడ పొద్దున లేస్తే ప్రార్థన, సాయంత్రమైతే పాటలు, ఆదివారమొస్తే తోటపని. నేను గూడ గసుంటి బడిలనే చదివిన. మంచిగ పాడుడు వచ్చింది. నలుగురిల మాట్లాడుడు వచ్చింది. ఏమైన? స్టేషన్ రోడ్డుల కూసోని కళ్లద్దాలు తుడుస్తున్న."

ఆ మాటలో వేళాకోళం లేదు. పెళ్లయి ఇన్నేళ్లలో అతను తన దుకాణం గురించి అలా చిన్నచూపుగా మాట్లాడటం పద్మ ఎప్పుడూ వినలేదు. ఆమెకు మనసు చివుక్కుమంది.

"నీ దుకాణానికి వచ్చిన ముసలోళ్లకు చూపు కుదిరేదాకా అద్దాలు మార్చి మార్చి పెడతావు. ఒక్కనాడు విసుక్కోవు. అది ఎక్కడ నేర్చుకున్నవు నాన్నా?" అంది మనస్విని.

ప్రహ్లాద్ సగం ఉప్మా వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. పెట్టెను చుట్టి తలుపు దాకా వెళ్లి చెప్పులు వేసుకున్నాడు.

"నేనేమన్న నీకు దుష్మన్‌నా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పోయి నీ దోస్తులకు చెప్పి రా పో. రెండింటికల్ల ఇంట్ల ఉండాలె."

మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు సన్నగిల్లేదాకా తల్లీ కూతుళ్లిద్దరూ కదల్లేదు.

*

ఈ బడి సంగతి బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. చిరాగ్ అలీ గల్లీలో ఉన్న ఈ ఇంటి నుంచి నాంపల్లిలోని సెయింట్ ఆగథాకు కూరగాయల సంచీ ఊపుకుంటూ నడిచి వెళ్లొచ్చు. అయినా ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పిల్లా అక్కడే ఉండాలి, అక్కడే పడుకోవాలి. ఎదురింటి పిల్లయినా సరే. కలెక్టరు కూతురూ కండక్టరు కూతురూ పక్కపక్క మంచాల మీద నిద్రపోతేనే చదువు అని, ఎప్పుడో ఆ బడి పెట్టిన ఆంగ్లికన్ చర్చి దొరసానులు అనుకున్నారు. ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది.

సెయింట్ ఆగథాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఆ చర్చి వాళ్లే పెట్టిన మగపిల్లల బడులవి. అబిడ్స్‌లో సెయింట్ ఓస్వాల్డ్, బేగంపేటలో సెయింట్ సిప్రియన్. ఆడపిల్లల బడి మొదలైన కొత్తలో అక్కడ కూర్చోవడానికి బెంచీలు లేవట. సంగతి తెలిసి ఓస్వాల్డ్ పిల్లలు తమ బెంచీలు భుజాల మీద మోసుకెళ్లి ఇచ్చి, తాము ఏడాదంతా నేల మీద కూర్చుని చదువుకున్నారట. అప్పటినుంచి బడి తెరిచే రోజున బెంచీలు మోసుకెళ్లడం ఆచారమైంది. ఓస్వాల్డ్ వాళ్లు అబిడ్స్ నుంచి నడిచి వస్తారు. సిప్రియన్ వాళ్లు లోకల్ రైల్లో బెంచీలతో సహా నాంపల్లి స్టేషన్లో దిగుతారు.

ఒక్కో బెంచీ మీద ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. దాన్ని ఇద్దరు మోస్తారు, ఒక్కొక్కరూ ఒక్కో పిల్ల కోసం. గేటు నుంచి గేటు దాకా బెంచీ నేలకు తగలకూడదు. గేటు దగ్గర వార్డెన్ నిలబడి "ఎవరి కోసం?" అని అడుగుతుంది. మోసినవాడు పిల్ల పేరు చెప్పాలి. ఆ పిల్ల వచ్చి బెంచీ మీద చెయ్యి వేశాకే దించాలి. పేరు చెప్పినవాడు ఆ ఏడాదంతా ఆ పిల్లకు అన్న కింద లెక్క. ఏప్రిల్‌లో బడి మూసే రోజున మళ్లీ వాడే వచ్చి బెంచీ మోసుకుపోవాలి.

పద్మ ఆ బడిలో చదువుకోలేదు. ఖైరతాబాద్ సర్కారు క్వార్టర్లలో పెరిగింది. చిన్నప్పుడొకసారి బస్సులోంచి ఆ ఊరేగింపు చూసింది. వానలో తడుస్తూ బెంచీలు మోస్తున్న పిల్లల్ని చూసి వీళ్లకేమైనా పిచ్చా అనుకుంది. ఇల్లు చేరేసరికి, తన కోసం ఎవరైనా అలా ఒక బెంచీ మోసుకొస్తే ఎంత బాగుండునని ఏడుపొచ్చింది. పెళ్లయిన కొత్తలో ప్రహ్లాద్ తానూ ఓస్వాల్డ్ నుంచి బెంచీలు మోశానని చెప్పినప్పుడే ఆమెకు అతని మీద నిజంగా ప్రేమ కలిగింది. మోసింది ఎవరి కోసమో కాదు, ఇప్పుడు వార్డెన్‌గా ఉన్న సౌభాగ్య కోసమే. తన కన్నా పై తరగతి కాబట్టి నేటికీ ఆవిడను "అక్కా" అనే పిలుస్తాడు.

అలాంటి మనిషి ఇవాళ కూతుర్ని మాన్పిస్తానంటున్నాడు.

*

"నువ్వేమంటావమ్మా?" అంది మనస్విని.

"నేననేదేముంది? నాన్న నీ మంచికే కదా చెప్తారు."

"నాన్న ఏమంటాడో నాకు తెలుసు. నువ్వేమంటావని అడుగుతున్నా."

పద్మ టేబుల్ మీది ప్లేటు తీసి సింకులో పెట్టింది. తెలిసిన జవాబే. అయినా దాన్ని పైకి అంటే, ఈ ఇంట్లో ఇద్దరొక వైపు, ఒకరొక వైపు అవుతారు. దుకాణం నుంచి అలిసి వచ్చే మనిషి ఇంట్లో ఒంటరివాడవుతాడు. దాని కన్నా పిల్ల ఏడ్చి ఊరుకోవడమే నయమనిపించింది.

"చెప్పవా?"

"మన్నూ, టిఫిన్ తిను."

మనస్విని లేచి పెట్టె దగ్గరికి వచ్చింది. మూత తీసి, మడత పెట్టిన నీలం దుప్పటి తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత తెల్ల సాక్సులు. ఏడవడం లేదు. ఒక్కొక్కటే తీసి అలమారలో సర్దుకుంటోంది. అది చూడటం పద్మ వల్ల కాలేదు. ఆశ పెట్టుకుని కూర్చున్న పిల్ల రెండింటి దాకా ఇలా కాగిపోవడం కన్నా, ఆ ఆశేదో ఇప్పుడే తెగిపోతే నయం కదా అనుకుంది.

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వార్డెన్‌కు ఫోన్ చేసింది.

"సౌభాగ్య మేడమ్, నేను పద్మని. మా పిల్ల ఈసారి రావడం లేదండీ."

అవతల ఎక్కడో పిల్లలు పాట సాధన చేస్తున్నట్టు వినిపిస్తోంది.

"ప్రహ్లాద్ చెప్పమన్నాడా?"

"లేదండీ. నేనే చెప్తున్నాను."

"ఆలోచించుకునే చెప్తున్నారా పద్మ గారూ? పదకొండో తరగతిలో అదొక్కటే మంచం. బిచ్చయ్య గారని ఆసిఫాబాద్ నుంచి కూతుర్ని తీసుకొచ్చారు. ఖాళీ లేదన్నా వెళ్లలేదు. నాంపల్లిలోనే తెలిసినవాళ్లింట్లో ఉండి ఎదురుచూస్తున్నారు. మా దగ్గర తల్లి మాట ఒకసారే అడుగుతాం. ఆ తర్వాత తిరగదు. వాళ్లకు కబురు చేసెయ్యనా?"

పద్మ సింకులోని ప్లేటు వైపు చూసింది. సగం ఉప్మా అలాగే ఉంది.

"చేసెయ్యండి," అంది.

*

అబిడ్స్‌లో అప్పటికే ట్రాఫిక్ ఆపేశారు. పెద్ద పోస్టాఫీసు ముందు ఆటోలవాళ్లు ఇంజన్లు కట్టేసి మెడలు చాచి చూస్తున్నారు. సన్నగా తుంపర పడుతోంది. మనస్విని ముందు నడుస్తోంది, పద్మ వెనక. పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది. ఫోన్ సంగతి పద్మ ఇంకా కూతురికి చెప్పలేదు. గేటు దగ్గర చెబుదామనుకుంది. అక్కడైతే స్నేహితులుంటారు, ఓదారుస్తారు.

స్టేషన్ రోడ్డులో ప్రహ్లాద్ దుకాణం దగ్గరికి వచ్చేసరికి పాట వినిపించింది. వాళ్లు ఆగారు. ప్రహ్లాద్ కౌంటర్ వెనక అద్దాలు తుడుస్తున్నాడు. వీళ్లను చూశాడు, మళ్లీ తల దించుకున్నాడు. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడుస్తున్నాడు.

బెంచీలు వరసగా వచ్చాయి. తెల్ల చొక్కాలు, బురద పడ్డ బూట్లు, భుజాల మీద మడత పెట్టిన తువ్వాళ్లు. మోసేవాళ్లే పాడుతున్నారు. చెప్పుల దుకాణాల వాళ్లు, ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లు మెట్ల మీదికొచ్చి నిలబడ్డారు. పక్క దుకాణం పెద్దాయన తన కుర్చీ లోపలికి జరిపి దారిచ్చాడు. ఏటా చూసేదే అయినా పద్మకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత రద్దీలో, ఇన్ని హారన్ల మధ్య, ఇంకొకరి పిల్లలు కూర్చోవడానికి బరువు మోసే పిల్లలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారంటే ఆమెకు గర్వంగా ఉంది.

చివరి బెంచీని ఒక్కడే మోస్తున్నాడు. పన్నెండో తరగతి చదివే శశికిరణ్. తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని, బెంచీని అడ్డంగా మోస్తూ వరసకు బాగా వెనకబడ్డాడు.

"అమ్మా, అది మా బెంచీ," అంది మనస్విని. "నాదీ మేఘనదీ. మేఘనకు అన్న శశి. నాకెవరినీ పెట్టలేదా?"

శశికిరణ్ దుకాణం ముందుకు వచ్చాడు. మెట్రో స్తంభం పక్కన రోడ్డు గతుకు, అందులో నీళ్లు. కాలు జారింది. బెంచీ ఒక పక్కకు ఒరిగిపోయింది. వాడు ఒక చివర పట్టుకోగలిగాడు గానీ రెండో చివర నేల వైపు వాలిపోతోంది.

కౌంటర్ వెనక ఉన్న మనిషి రోడ్డు మీదికి ఎలా వచ్చాడో పద్మ చూడనే లేదు. ప్రహ్లాద్ వంగి, ఆ చివరను రెండు చేతులతో పట్టి ఆపాడు.

"కింద పెట్టకు. ఏ, కింద పెట్టకురా," అంటున్నాడు రొప్పుతూ.

"పెట్టను అంకుల్."

"ఒక్కనివే ఎట్లొచ్చినవ్ర? వెనక మోసేటోడు ఏడి?"

"మనస్విని కోసం ఎవర్నీ పెట్టొద్దని పోయిన వారం మీరే కదా అంకుల్ మా బడికొచ్చి చెప్పింది," అన్నాడు శశికిరణ్. తప్పు పట్టే గొంతు కాదు, ఉన్నమాట చెప్పాడంతే. "మేఘనను నేల మీద కూసోబెట్టలేను కదా. అందుకే ఒక్కణ్నే తెచ్చిన."

మనస్విని తండ్రి వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక ప్రహ్లాద్ బెంచీ చెక్క వైపు చూశాడు. చొక్కా జేబులో అద్దాలు తుడిచే గుడ్డ ఇంకా వేలాడుతోంది.

"దుకాణం ఎవరు చూస్తారు?" అంది పద్మ, ఇంకేమనాలో తెలియక.

"ఉండనియ్," అన్నాడు ప్రహ్లాద్. ఆ గుడ్డనే మడిచి భుజం మీద వేసుకుని బెంచీ చివరను దాని మీదికి ఎత్తుకున్నాడు. "నడువ్ శశీ. జర మెల్లగ. మోకాళ్లు ఎనకటి తీరు లేవు."

వాళ్లిద్దరూ కదిలారు. కొద్ది దూరం పోయాక ప్రహ్లాద్ కూడా పాట అందుకున్నాడు. మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది. పద్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే పొద్దున తాను చేసిన ఫోన్ గుర్తొచ్చింది.

ఫోన్ తీసింది. సౌభాగ్య నంబరు మోగుతోంది, ఎత్తడం లేదు. ఈ వేళప్పుడు ఆవిడ గేటు దగ్గర ఉంటుంది. గేటు దగ్గర ఆవిడ చేతిలో ఫోన్ ఉండదు.

మళ్లీ చేసింది. మళ్లీ మోగి ఆగిపోయింది.

"ఎవరికమ్మా?" అంది మనస్విని. దాని ముఖం చూస్తే చాలా రోజులకు అన్నం తిన్న పిల్లలా ఉంది.

"ఎవరికీ లేదులే."

ఆయన గేటు దగ్గర బెంచీ ఎవరికైనా అప్పజెప్పి వచ్చేస్తాడులే, పడిపోతుంటే పట్టుకున్నాడంతే అని తనకు తాను చెప్పుకుంది. అలా కావాలని కోరుకుంటున్నందుకు సిగ్గుపడింది. ఇప్పుడే పరుగెత్తి వెళ్లి భర్తకు చెప్పేస్తే? పాడుతూ నడుస్తున్న ఆ మనిషిని ఆపి ఈ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

*

సెయింట్ ఆగథా గేటు దగ్గర సౌభాగ్య నిలబడి ఉంది. తెల్ల చీర, నెరిసిన జుట్టు ముడి, ఎత్తయిన మనిషి. సిప్రియన్ పిల్లలు అప్పటికే స్టేషన్ వైపు నుంచి వచ్చి లోపల బారులు తీరారు. ఆడపిల్లలు వరండా మెట్ల మీద నిలబడ్డారు. ఒక్కో బెంచీ వస్తోంది, ఒక్కో పేరు వినబడుతోంది, ఒక్కో పిల్ల పరుగెత్తుకొచ్చి చెయ్యి వేస్తోంది.

చివరి బెంచీ వచ్చింది.

"ఎవరి కోసం?"

"మేఘన కోసం," అన్నాడు శశికిరణ్.

మేఘన వచ్చి ముందు చివర చెయ్యి వేసింది. సౌభాగ్య చూపు రెండో చివరకు వెళ్లింది. అక్కడ నిలబడ్డ మనిషిని చూసి ఆవిడ ముఖం మారిపోయింది. అయినా అడగవలసింది అడిగింది.

"ఎవరి కోసం?"

ప్రహ్లాద్ భుజం మీది బెంచీ చివరను సర్దుకున్నాడు. పాట ఆగిపోయింది. వాన చుక్కలు అతని కళ్లద్దాల మీద పడుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. దారిలో సాయం పట్టినానక్కా అంటే అయిపోయేది. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. మనస్విని తల్లి చేయి గట్టిగా పట్టుకుంది.

"నా బిడ్డ మనస్విని కోసం," అన్నాడు ప్రహ్లాద్.

మళ్లీ ఇంకా గట్టిగా అన్నాడు. "ఏప్రిల్‌ల నేనే వాపస్ తీస్కపోత అక్కా. గా కాలేజోళ్లకు నేను చెప్పుకుంట. మాట మాటే."

మనస్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేఘన చప్పట్లు కొట్టింది. మెట్ల మీది పిల్లలందరూ కొట్టారు. ఆ చప్పట్లలో పద్మకు తన భర్త మీద ఎంత ప్రేమ పొంగిందంటే, ఆ క్షణంలో అతని కాళ్ల దగ్గర కూలబడి ఏడవాలనిపించింది.

సౌభాగ్య చప్పట్లు కొట్టలేదు. ఆవిడ పద్మ వైపు చూస్తోంది.

"పద్మ గారూ," అంది మెల్లగా. "నేను పొద్దున్నే కబురు చేసేశాను."

"ఏం కబురు?" అన్నాడు ప్రహ్లాద్.

మనస్విని పట్టు సడలింది. తల్లి ముఖంలోకి చూసి, నెమ్మదిగా తన చేయి వెనక్కి తీసుకుంది.

వరండా చివర కొత్త ట్రంకు పెట్టె ఒకటి ఉంది. దాని మీద ఇంకా పేరు రాయలేదు. దాని పక్కన తలకు రుమాలు చుట్టుకున్న మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బిచ్చయ్య అయి ఉండాలి. అంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ప్రతి ఒక్కరికీ దండం పెడుతున్నాడు. కూతురి వీపు మీద చెయ్యి వేసి, పో బిడ్డా అన్నట్టు ముందుకు తోశాడు.

ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది. మనస్విని ఈడుదే. రెండు జడలు, చేతికి ఎర్ర గాజులు. మిగతా పిల్లలు ఏం చేశారో చూసి నేర్చుకున్నట్టుంది. బెంచీ రెండో చివర దగ్గరికి వచ్చి, ప్రహ్లాద్ పిడికిళ్ల పక్కనే, చెక్క మీద తన అరచేయి ఆనించింది.

"నా పేరు మృదుల సార్," అంది. "నేను చెయ్యి పెట్టిన. ఇగ దించొచ్చు."

శశికిరణ్ తన చివర దించాడు. ప్రహ్లాద్ దించలేదు. ఒక కొస నేల మీద, ఒక కొస అతని చేతుల్లో, బెంచీ వాలుగా నిలబడిపోయింది.

"పద్మా," అన్నాడు ప్రహ్లాద్. "ఎవరీ పిల్ల?"